దిగని చక్రాలు: చిన్న విమానాల ల్యాండింగ్ వైఫల్యాల చరిత్ర

విమానం గాలిలో సంపాదించుకున్న వేగాన్నీ ఎత్తునూ నేలకు చేరేసరికి పూర్తిగా వదిలించుకోవాలి. ఆ పనిని కొద్ది నిమిషాల్లో, చివరి ఘట్టాన్నయితే కొద్ది క్షణాల్లో, రన్‌వే అనే ఇరుకైన పట్టీ మీద ముగించాలి. గంటల తరబడి ప్రయాణంలో బయటపడకుండా దాగిన లోపాలు, అంటే బీటవారిన కడ్డీ, అరిగిన పళ్లచక్రం, నూనె కారే గొట్టం, తెగడానికి సిద్ధంగా ఉన్న తీగ వంటివి, ఈ ఘట్టంలోనే బయటపడడానికి కారణం అదే. దాదాపు 5,700 కిలోల లోపు బరువుతో ఎగిరేవాటిని వైమానిక నిబంధనలు సాధారణంగా చిన్న విమానాలుగా పరిగణిస్తాయి. శిక్షణకూ, సొంత ప్రయాణాలకూ, పొలాలపై మందు చల్లడానికీ వాడే ఈ విమానాలు తరచూ దిగుతాయి, తరచూ కొత్తవారి చేతుల్లో దిగుతాయి, పెద్ద విమానాలకు ఉండే అదనపు ఏర్పాట్లు చాలావరకు లేకుండానే దిగుతాయి. అందువల్ల ల్యాండింగ్‌లో యంత్రం ఎలా విఫలమవుతుందో, ఆ వైఫల్యానికి మనుషులు కాలక్రమంలో ఎలాంటి విరుగుడు కనిపెట్టారో తెలుసుకోవడానికి వీటి చరిత్రే సరైన ఆధారం. నూరేళ్లకు పైబడిన ఈ చరిత్రను పరిశీలిస్తే, ఎన్నడూ విరగని భాగం కోసం సాగిన వెతుకులాట కంటే, విరిగినా ప్రాణం తీయని అమరిక కోసం జరిగిన ప్రయత్నమే ఎక్కువ ఫలితాన్ని ఇచ్చిందని స్పష్టమవుతుంది.

చక్రాలు లేని తొలి రోజులు

1903 డిసెంబర్ 17న అమెరికాలోని కిట్టీ హాక్ సమీపంలో రైట్ సోదరులు ఎగరేసిన తొలి విమానానికి చక్రాలు లేవు. అది చెక్కతో వేసిన పట్టా మీద జారుతూ వేగం పుంజుకుని పైకి లేచి, అడుగున అమర్చిన రెండు పొడవైన చెక్క బద్దీల మీద ఇసుకలో దిగింది. ఆ రోజు జరిగిన నాలుగు ప్రయాణాల్లో చివరిది 59 సెకన్లలో 852 అడుగుల దూరం సాగింది. అది నేలను తాకినప్పుడు ముందువైపు అమర్చిన, విమానం ముక్కును పైకీ కిందికీ తిప్పే చుక్కాని తాలూకు చట్రం విరిగింది. అంటే యంత్రశక్తితో ఎగిరిన తొలి రోజే ల్యాండింగ్ నష్టమూ నమోదైంది. మెత్తని ఇసుక నేలా, తక్కువ వేగమూ ఆ యుగానికి రక్షణ కవచాలు కావడం వల్ల, అలాంటి నష్టాలను మరమ్మతు ఖర్చుగానే లెక్కించారు తప్ప ప్రాణాపాయంగా లెక్కించలేదు.

ఆ ధోరణి 1908 సెప్టెంబర్ 17న మారింది. వాషింగ్టన్ పక్కనున్న ఫోర్ట్ మైయర్‌లో ఆర్విల్ రైట్ తన విమానాన్ని అమెరికా సైన్యానికి ప్రదర్శిస్తూ, లెఫ్టినెంట్ థామస్ సెల్ఫ్‌రిడ్జ్‌ను వెంట ఎక్కించుకుని ఎగురుతుండగా, రెండు ప్రొపెల్లర్లలో ఒకదాని రెక్క నిలువునా చీలింది. చీలిన రెక్క లాగే బలాన్ని కోల్పోవడంతో రెండు ప్రొపెల్లర్ల మధ్య సమతూకం తప్పి తీవ్రమైన ప్రకంపనం పుట్టింది. ఆ ఊపులో ప్రొపెల్లర్, వెనుక చుక్కానిని పట్టి ఉంచే తీగను తాకి దాన్ని ఊడగొట్టింది. ఆర్విల్ ఇంజిన్ ఆపి, గాలిలో జారుతూ విమానాన్ని నేలకు దించే ప్రయత్నం చేసినా, చుక్కాని అదుపు తప్పిన విమానం ముక్కు కిందికి చేసి కూలింది. సెల్ఫ్‌రిడ్జ్ మరణించాడు, యంత్రశక్తితో ఎగిరే విమాన ప్రమాదంలో ప్రాణం కోల్పోయిన తొలి వ్యక్తి ఆయనే. తొడ ఎముకా పక్కటెముకలూ విరిగి ఆసుపత్రి పాలైన ఆర్విల్, విరిగిన ముక్కలను తెప్పించుకుని, ఏది ముందు విరిగింది, దేని వల్ల మరొకటి తెగింది అన్న వరుసను తేల్చాడు. శిథిలాల నుంచి కారణాన్ని వెనక్కి చదివే పద్ధతికి ఇది తొలి ఉదాహరణల్లో ఒకటి. ఒక భాగం విరగడం కంటే, విరిగిన ఆ భాగం పక్కనున్న మరో ముఖ్య భాగాన్ని తెంపగలిగే చోట ఉండడమే అసలు ప్రమాదమన్న పాఠమూ ఈ ఘటనలోనే ఉంది.

చక్రాల విషయంలో యూరప్ ముందుంది. పారిస్‌లో స్థిరపడిన బ్రెజిల్ దేశీయుడు అల్బెర్టో సాంతోస్ డ్యూమాంట్ 1906లో ఎగరేసిన విమానం చక్రాల మీదే లేచి చక్రాల మీదే దిగింది. రైట్ సోదరులు మాత్రం 1910లో వచ్చిన తమ బి నమూనాతో చక్రాలకు మారారు. 1909 జూలై 25న ఇంగ్లిష్ చానల్‌ను దాటిన లూయీ బ్లేరియో విమానానికి, రబ్బరు తాళ్లతో బిగించిన, పక్కగాలికి అనుగుణంగా తిరగగలిగే చక్రాలు ఉండేవి. అంత జాగ్రత్తగా రూపొందించినా, డోవర్ కోట దగ్గర ఏటవాలు గడ్డి నేల మీద గాలి సుడుల మధ్య దిగేటప్పుడు ఆ చక్రాల చట్రం కుంగిపోయి ప్రొపెల్లర్ విరిగింది. బ్లేరియో క్షేమంగా బయటపడ్డాడు. ప్రపంచమంతా పొగిడిన ఆ ప్రయాణం, కచ్చితంగా చెప్పాలంటే, చక్రాల చట్రం విరిగిన ల్యాండింగ్‌తో ముగిసింది.

దెబ్బను మింగే కాళ్లు

ఆపైన రూపకర్తల ముందు నిలిచిన ప్రశ్న, దిగేటప్పుడు పుట్టే తాకిడిని ఎక్కడికి పంపాలన్నది. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు విమానాల్లో ఇరుసును రబ్బరు తాళ్లతో కాళ్లకు చుట్టి కట్టేవారు. తాకిడికి తాళ్లు సాగి, మళ్లీ బిగిసేవి. అయితే సాగినప్పుడు దాచుకున్న శక్తినంతా అవి వెంటనే తిరిగి ఇచ్చేయడం వల్ల విమానం నేల మీద ఎగిరెగిరి పడేది, రెండో మూడో తాకిడికి ఇరుసు విరిగేది. ఫిరంగి పేలినప్పుడు వెనక్కి వచ్చే తన్నును అణచడానికి వాడుతున్న సూత్రమే దీనికి పరిష్కారమైంది. ఒలియో స్ట్రట్ అని పిలిచే ఈ కాలిలో ఒక గొట్టం మరో గొట్టంలోకి దూరుతుంది. లోపల నూనే, దాని పైన అదిమిపెట్టిన గాలీ ఉంటాయి. తాకిడికి నూనె ఒక చిన్న రంధ్రం గుండా బలవంతంగా దూరుతూ ఆ శక్తిని వేడిగా మార్చేస్తుంది కనుక విమానం తిరిగి ఎగిరిపడదు. ఈ అమరికకు కొత్త బలహీనత ఒకటి తోడైంది: గొట్టాల మధ్యనున్న సీలు అరిగి నూనో గాలో కారిపోతే కాలు చప్పబడి, తర్వాతి తాకిడి నేరుగా లోహం మీదే పడుతుంది. చిన్న విమానం ఎక్కే ముందు పైలట్ వంగి స్ట్రట్ ఎంత పొడవు బయటికి కనిపిస్తోందో చూడాలన్న నియమం ఈ బలహీనత నుంచే పుట్టింది.

దీనికి భిన్నమైన మార్గాన్ని అమెరికాలోని విస్కాన్సిన్‌కు చెందిన పందెపు విమానాల రూపకర్త స్టీవ్ విట్‌మన్ ఎంచుకున్నాడు. ఆయన ఆలోచన ప్రకారం కాలంటే వంగి తిరిగి నిటారయ్యే ఒకే ఉక్కు పట్టీ. అందులో కీళ్లు లేవు, నూనె లేదు, కారిపోయే సీలు లేదు. సెస్నా సంస్థ ఈ కాలి తయారీ హక్కును తీసుకుని 1946లో వచ్చిన 140 నమూనా వంటి చిన్న విమానాలకు దాన్ని అమర్చింది. కారే నూనె గానీ అరిగే కీలు గానీ అసలు లేనప్పుడు వాటి వైఫల్యమే ఉండదన్న తర్కం, తర్వాతి కాలపు చరిత్రలో పలుమార్లు తిరిగి కనిపిస్తుంది.

చక్రాల అమరికలో వచ్చిన మార్పు కూడా ఇదే కాలానిది. పాత విమానాలకు ముందు రెండు చక్రాలూ, తోక కింద ఒక చిన్న చక్రమో బద్దీయో ఉండేవి. బరువు కేంద్రం ప్రధాన చక్రాల వెనుక ఉండడం వల్ల, నేల మీద విమానం కొంచెం పక్కకు తిరిగితే ఆ తిరుగుడు తనంతట తాను పెరిగి, విమానం గిర్రున చుట్టూ తిరిగిపోయేది. గ్రౌండ్ లూప్ అని పిలిచే ఈ ప్రమాదంలో పక్కకు తోసే ఒత్తిడికి కాలు విరిగేది. ఫ్రెడ్ వైక్ రూపొందించిన ఎర్‌కూప్ వంటి విమానాలతో మొదలై, 1950ల తర్వాత దాదాపు ప్రతి శిక్షణ విమానమూ ముక్కు కింద మూడో చక్రం ఉన్న అమరికకు మారింది. దాంతో గ్రౌండ్ లూప్‌లు తగ్గాయి గానీ బాధ ముక్కు చక్రానికి మారింది: ప్రధాన చక్రాలు మోయాల్సిన తాకిడిని కొత్త విద్యార్థి ముందు చక్రం మీద వేస్తే సన్నని ఆ కాలు విరుగుతుంది, ప్రొపెల్లర్ నేలకు తగులుతుంది. షిమ్మీ అనే మరో దోషం కూడా ఇక్కడే కనిపించింది. వదులైన ముక్కు చక్రం వేగంగా ఇటూ అటూ కొట్టుకుంటూ, అణచకపోతే బోల్టులను కోసేసే స్థాయికి చేరే ఈ ప్రకంపనానికి ప్రత్యేకంగా ఒక చిన్న నూనె డాంపర్‌ను అమర్చవలసి వచ్చింది.

లోపలికి ముడుచుకున్న చక్రం

గాలి నిరోధం వేగపు వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది; అంటే వేగం రెట్టింపైతే నిరోధం నాలుగింతలవుతుంది. ఇంజిన్ల శక్తి పెరిగే కొద్దీ బయట వేలాడే చక్రాలు మోయలేని భారంగా మారడంతో, వాటిని ఎగిరాక లోపలికి ముడిచే ఆలోచన బలపడింది. 1920లో ఫ్రాన్స్‌లో జరిగిన గోర్డన్ బెన్నెట్ పందెంలో పాల్గొన్న అమెరికన్ విమానం డేటన్ రైట్ ఆర్‌బి 1 చక్రాలను పైలట్ చేతి పిడి తిప్పి విమానపు పొట్టలోకి లాగేవాడు. ఆ పందెంలో చక్రాలు పనిచేశాయి. మరో నియంత్రణ తీగ విఫలమవడంతో విమానం మధ్యలోనే విరమించుకోవలసి వచ్చింది.

1930లు మొదలయ్యేసరికి ముడుచుకునే చక్రాలు ఆచరణలోకి వచ్చాయి గానీ వాటిని కదిపేది ఎక్కువగా మనిషి చెయ్యే. 1936లో బ్రిటిష్ వాయుసేనలో చేరిన అవ్రో ఆన్సన్‌లో చక్రాలు ముడవాలన్నా దించాలన్నా పైలట్ సీటు పక్కనున్న పిడిని నూట నలభైకి పైగా చుట్లు తిప్పాలి. అందువల్ల దగ్గరి శిక్షణ ప్రయాణాల్లో చాలామంది వాటిని ముడవకుండానే వదిలేసేవారు. ఈ శ్రమను తగ్గించడానికి విద్యుత్ మోటార్లూ, ఒత్తిడి పెట్టిన నూనెతో నడిచే హైడ్రాలిక్ యంత్రాంగాలూ వచ్చాయి. ప్రతి సౌలభ్యమూ తనతో ఒక గొలుసును తెచ్చింది: బ్యాటరీ, ఫ్యూజు, మోటారు, పళ్లచక్రాల పెట్టె, తోసే కడ్డీలు, లోపల పట్టి ఉంచే కొక్కేలు, దిగాక బిగించే తాళాలు, వాటి స్థితిని దీపాలకు తెలిపే చిన్న స్విచ్చులు. ఈ గొలుసులో ఏ లంకె తెగినా ఫలితం ఒక్కటే, చక్రం దిగదు, లేదా దిగినా తాళం పడదు.

విమానం చక్రాలు లేకుండా దిగినా ప్రాణాలు దక్కించుకోవచ్చన్న అవగాహన కూడా అప్పుడే పెరిగింది. రెండు ఇంజిన్ల డగ్లస్ డీసీ 3 చక్రాలు ముడిచాక కూడా ఇంజిన్ గూళ్ల కింద సగం బయటికి కనిపిస్తాయి. అవి దిగకపోయినా విమానం వాటి మీదే దొర్లి, పొట్టకు పెద్ద దెబ్బ తగలకుండా ఆగగలదు. ఎత్తైన గాలి పొరల్లో వేగంగా ఎగరాలని సంకల్పించిన అమెరికన్ పైలట్ వైలీ పోస్ట్ 1935లో తన లాక్‌హీడ్ వేగా చక్రాలను ఎగిరిన వెంటనే కావాలనే ఊడదీసి పడేసి, అడుగున అమర్చిన బద్దీ మీద దిగే ఏర్పాటు చేసుకున్నాడు. ఆ ఫిబ్రవరిలో ఇంజిన్ దెబ్బతిని, కాలిఫోర్నియాలోని మ్యూరాక్ ఎండు సరస్సు మీద చక్రాల్లేకుండానే క్షేమంగా దిగాడు. విశాలమైన చదునైన నేలా, తక్కువ వేగమూ, నిటారైన దిశా ఉంటే పొట్ట మీద దిగడం మరణశిక్ష కానక్కరలేదని ఇలాంటి ఘటనలు నిరూపించాయి.

మీట ఏది, తప్పెవరిది

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ల్యాండింగ్ ప్రమాదాల చరిత్ర ఊహించని మలుపు తిరిగింది. సురక్షితంగా దిగి రన్‌వే మీద దొర్లుతున్న బీ 17 బాంబర్లు ఉన్నట్టుండి చక్రాలు ముడుచుకుని పొట్ట మీద కూలబడుతుంటే, నివేదికలన్నీ పైలట్ పొరపాటు అనే రాస్తూ వచ్చాయి. 1943లో అమెరికా సైన్యపు వైమానిక విభాగంలో మనస్తత్వవేత్తగా పనిచేస్తున్న ఆల్ఫాన్స్ షపానీస్ దీన్ని పరిశీలించి, ఈ విమానాల్లో చక్రాల మీటా, ఫ్లాప్‌ల మీటా పక్కపక్కనే ఒకే ఆకారంలో ఉన్నాయని గమనించాడు. ఫ్లాప్‌లంటే దిగేటప్పుడు తక్కువ వేగంలోనూ రెక్కకు బలం చేకూర్చేందుకు దాని వెనుక అంచున కిందికి దించే పలకలు. దిగాక వాటిని పైకి తీయబోయి అలసిన పైలట్ చక్రాల మీటను లాగుతున్నాడు. రెండు మీటలూ వేరువేరుగా అమరిన సీ 47 రవాణా విమానాల్లో ఈ తికమక కనిపించలేదు. చక్రాల మీట చివర చిన్న రబ్బరు చక్రాన్నీ, ఫ్లాప్‌ల మీటకు రెక్క ఆకారపు ముక్కనూ తగిలించాలన్న ఆయన సూచనతో, చేతి స్పర్శకే తేడా తెలిసేలా మీటలు రూపొందాయి. ఆ పద్ధతి తర్వాత పౌర విమాన నిబంధనల్లోనూ స్థిరపడింది. మనస్తత్వవేత్తలు పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ 1947లో పైలట్ల 460 పొరపాటు అనుభవాలను విశ్లేషించి, ఒక మీటకు బదులు మరొకటి లాగడమే అందులో అతిపెద్ద వర్గమని తేల్చారు.

ఈ పాఠం చిన్న విమానాల తయారీకి చేరడానికి చాలా కాలం పట్టింది. 1945 డిసెంబర్‌లో తొలిసారి ఎగిరిన బీచ్‌క్రాఫ్ట్ బొనాంజా, వేగమూ అందమూ కలిసిన కుటుంబ విమానంగా పేరు తెచ్చుకున్నా, పాత నమూనాల్లో చక్రాల స్విచ్చూ ఫ్లాప్‌ల స్విచ్చూ మిగిలిన విమానాల్లో ఉండే చోట్లకు తారుమారుగా ఉండేవి. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 1980లో వెలువరించిన ప్రత్యేక అధ్యయనం, నేల మీద పొరపాటున చక్రాలు ముడుచుకున్న ప్రమాదాల్లో బీచ్‌క్రాఫ్ట్ సంస్థ బొనాంజా, బారన్ నమూనాల వాటా వాటి సంఖ్యకు మించి ఉందని చూపి, కారణాన్ని రూపకల్పనలోనే గుర్తించింది. నేల మీద విమానం బరువు కాలి మీద పడినప్పుడు చక్రాలు ముడవకుండా అడ్డుకునే స్విచ్చు ఒకటి వీటిలో ఉండేది. అయితే దిగిన తొలి క్షణాల్లో రెక్కలు ఇంకా కొంత బరువును మోస్తుంటాయి కనుక ఆ స్విచ్చు సరిగ్గా అవసరమైన వేళే మౌనంగా ఉండేది.

చక్రం దిగనప్పుడు

యంత్రం నిజంగా విఫలమైన ఘటనల్లో ఆయా విమానాల అంతర్నిర్మాణమే ఫలితాన్ని నిర్ణయించింది. బొనాంజాలో ఒకే విద్యుత్ మోటారు పళ్లచక్రాల పెట్టె ద్వారా మూడు చక్రాలనూ కదుపుతుంది. విద్యుత్ పోతే ముందు సీట్ల వెనుకనున్న పిడిని పైలట్ సుమారు యాభై చుట్లు తిప్పి చక్రాలను దించుకోవాలి. విద్యుత్ లోపానికి ఈ ఏర్పాటు చాలు. పళ్లచక్రం అరిగినా తోసే కడ్డీ విరిగినా పిడి ఎంత తిప్పినా ప్రయోజనం ఉండదు. 1967లో వచ్చిన పైపర్ చెరోకీ ఆరోలో తర్కం వేరు: ముడిచిన చక్రాలను పైన పట్టి ఉంచేది హైడ్రాలిక్ ఒత్తిడి ఒక్కటే, కొక్కేలు లేవు, పంపు చెడినా గొట్టం పగిలినా ఒత్తిడి తగ్గి చక్రాలు తమ బరువుతోనే కిందికి జారి తాళం పడతాయి. వైఫల్యపు దారినే భద్రత వైపు మళ్లించిన ఈ రూపకల్పన, ఆ తరం చిన్న విమానాల్లో తెలివైనదిగా చెప్పదగినది. దీనికి భిన్నంగా 1960ల నాటి సెస్నా 210 నమూనాల్లో, చక్రపు కాలును పట్టి ఉంచే లోహపు పీఠాల్లో బీటలు వచ్చేవి. పీఠం విరిగితే అత్యవసర పంపు ఎంత కొట్టినా ఆ కాలు సరిగ్గా దిగి నిలబడదు. అందుకే వాటిని నిర్ణీత వ్యవధుల్లో పరీక్షించాలన్న తప్పనిసరి ఆదేశాలు వెలువడ్డాయి. పదే పదే పడే బరువుకు లోహం కంటికి కనిపించని బీటతో మొదలై ఒక రోజు హఠాత్తుగా విరిగే ఈ స్థితిని ఇంజినీర్లు లోహపు అలసట అంటారు. ప్రతి ల్యాండింగూ ఆ బీటను కొంచెం పెంచుతుంది కనుక, రోజుకు పదిసార్లు దిగే శిక్షణ విమానం ఎక్కువ దూరం తిరిగే సొంత విమానం కంటే త్వరగా అలసిపోతుంది.

వైఫల్యాన్ని తెలిపే పరికరమూ విఫలం కావచ్చు. చక్రాలు దిగి తాళం పడ్డాయనడానికి మూడు ఆకుపచ్చ దీపాలు వెలగాలి. బల్బు మాడిపోతే చక్రం సరిగ్గా ఉన్నా లేనట్టే కనిపిస్తుంది. ఆరోలో రాత్రి వాడే ప్యానెల్ దీపాలను వెలిగిస్తే ఈ ఆకుపచ్చ దీపాలు మసకబారతాయి. పగటి వెలుగులో ఆ స్విచ్చు పొరపాటున వేసి ఉంటే దీపాలు వెలగలేదనే భ్రమ కలుగుతుంది. ఇదే విమానానికి పైపర్, వేగం తగ్గి ఇంజిన్ శక్తీ తగ్గితే చక్రాలు తమంతట తామే దిగే ఏర్పాటు చేసింది. మరచిపోయే పైలట్‌కు అది రక్ష. ఇంజిన్ ఆగి వీలైనంత దూరం జారుకుంటూ వెళ్లాల్సిన పైలట్‌కు మాత్రం, కోరకుండా దిగిన చక్రాలు గాలి నిరోధాన్ని పెంచి దూరాన్ని కుదించేవి. కాలక్రమంలో తయారీదారే ఆ ఏర్పాటును తొలగించుకోవాలని సూచించాడు.

చక్రాలు లేకుండా పొట్ట మీద దిగడాన్ని బెల్లీ ల్యాండింగ్ అంటారు. చిన్న విమానాల్లో ఇలా దిగినవారు ఎక్కువగా గాయాలు లేకుండా నడిచి బయటికి వచ్చారు. నష్టం ప్రొపెల్లర్‌కూ, నేలకు తగిలి హఠాత్తుగా ఆగిన ఇంజిన్ లోపలి భాగాలకూ పరిమితమైంది. గడ్డి నేల మెత్తగా ఉంటుందన్న పాత నమ్మకానికి విరుద్ధంగా, మట్టిలో విమానపు అంచులు గుచ్చుకుని తిరగబడే ముప్పు ఉందనీ, నున్నటి రన్‌వే మీదే అది తిన్నగా జారి ఆగుతుందనీ అనుభవం నేర్పింది. రన్‌వే మీద నురగ పరిచే ఆచారం కూడా క్రమేణా తెరమరుగైంది. దీన్ని బట్టి, దిగని చక్రం కంటే ఆ చక్రం గురించే ఆలోచిస్తూ వేగాన్నీ ఇంధనాన్నీ మరచిన పైలట్‌కే ముప్పు ఎక్కువన్నది శిక్షకులు పదే పదే చెప్పే సంగతిగా మారింది.

ఇంజిన్ ఆగిన చోట

యాంత్రిక వైఫల్యాల్లో ప్రాణనష్టం ఎక్కువగా జరిగింది చక్రాల వల్ల కంటే ఇంజిన్ వల్లే. పాత తరహా ఇంజిన్లలో గాలీ పెట్రోలూ కలిసే కార్బురేటర్ సన్నని మెడలో ఇంధనం ఆవిరవుతూ వేడిని లాగేసుకుంటుంది. అందువల్ల బయట వెచ్చగా ఉన్న తేమరోజున కూడా అక్కడ మంచు పేరుకుని ఇంజిన్ ఊపిరాడకుండా చేస్తుంది. దిగడానికి ఇంజిన్ శక్తి తగ్గించినప్పుడు ఈ ముప్పు మరింత పెరుగుతుంది కనుక, వేడిగాలిని లోపలికి పంపే మీటను ల్యాండింగ్‌కు ముందే లాగడం శిక్షణలో భాగమైంది. నిప్పురవ్వను పుట్టించే మాగ్నెటోలు ప్రతి ఇంజిన్‌కూ రెండేసి, ప్రతి సిలిండర్‌కూ రెండేసి స్పార్క్ ప్లగ్‌లు ఉండడం కూడా ఒకటి చెడినా మరొకటి నడిపిస్తుందన్న లెక్కతోనే. ఇవన్నీ దాటి ఇంజిన్ ఆగితే సెస్నా 172 వంటి విమానం వెయ్యి అడుగుల ఎత్తు నుంచి సుమారు ఒకటిన్నర నాటికల్ మైళ్ల దూరం జారగలదు. ఆ దూరంలో పొలమో రోడ్డో దొరకాలి. ఎత్తు చాలకపోయినా వెనక్కి తిరిగి రన్‌వేకి చేరాలని ప్రయత్నించి వేగం కోల్పోయినప్పుడు రెక్క గాలిని పట్టలేక పడిపోతుంది. స్టాల్ అని పిలిచే ఈ స్థితే ఇంజిన్ వైఫల్యాలను మరణాలుగా మార్చింది.

తెలుగు నేలకు ఈ చరిత్రతో ఉన్న సంబంధం హైదరాబాద్ చుట్టూ అల్లుకుంది. దుండిగల్‌లోని వాయుసేన అకాడమీలో దశాబ్దాల పాటు కొత్త పైలట్లు తొలిపాఠాలు నేర్చింది హిందుస్థాన్ ఏరోనాటిక్స్ రూపొందించిన హెచ్‌పీటీ 32 దీపక్ మీద. 1977లో తొలిసారి ఎగిరిన ఈ విమానానికి, ఇద్దరు పక్కపక్కన కూర్చునే గదీ, ఒకే పిస్టన్ ఇంజిన్, ముడుచుకోని చక్రాలూ ఉండేవి. ప్రమాదవేళ పైలట్‌ను బయటికి విసిరే ఎజెక్షన్ సీట్లు లేవు. దాన్ని ఏళ్ల తరబడి పీడించినవి గాలిలో ఇంజిన్ ఆగిపోయే ఘటనలు. ఇంజిన్ లేకుండా దూరం జారే గుణం తక్కువ కావడంతో, అనువైన నేల దొరికేలోపే ఎత్తు అయిపోయేది. 2009 జూలై చివర్లో దుండిగల్ నుంచి ఎగిరిన ఒక దీపక్ కూలి ఇద్దరు అధికారులు మరణించాక, ఈ విమానాలన్నింటినీ నేలకే పరిమితం చేశారు. 2013లో వాటి స్థానంలోకి వచ్చిన స్విట్జర్లాండ్ విమానం పిలాటస్ పీసీ 7 మార్క్ 2కి టర్బైన్ ఇంజినూ ఎజెక్షన్ సీట్లూ ఉన్నాయి. చక్రాలు స్థిరంగా ఉన్నంత మాత్రాన భద్రత పూర్తి కాదనీ, చివరి ఆశ్రయంగా మరో మార్గం లేని చోట ఒకే బలహీనత పదే పదే ప్రాణాలు తీయగలదనీ దీపక్ అనుభవం చూపింది.

కారణాన్ని వెతికే సంప్రదాయం

ఈ మార్పులన్నింటి వెనుక విచారణ అనే వ్యవస్థ ఉంది. 1912 మే నెలలో బ్రూక్‌లాండ్స్‌లో కూలిన ఒక ఫ్లాండర్స్ విమానంపై బ్రిటన్‌లోని రాయల్ ఏరో క్లబ్ నివేదిక ప్రచురించడంతో పౌర విమాన ప్రమాదాలపై క్రమబద్ధమైన విచారణ మొదలైంది. 1915లో బ్రిటన్ సైనిక వైమానిక విభాగం దీని కోసం ప్రత్యేక శాఖనే నెలకొల్పింది. 1951లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఆమోదించిన పదమూడో అనుబంధం, విచారణ లక్ష్యం మళ్లీ జరగకుండా నివారించడమే తప్ప నింద మోపడం కాదని స్పష్టం చేసింది. భారతదేశంలో 1934 నాటి విమాన చట్టం కిందే చాలాకాలం విచారణలు సాగి, 2012లో ప్రత్యేక విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏర్పడింది. పైలట్ పొరపాటు అన్న మాట దగ్గరే విచారణ ఆగి ఉంటే మీటల ఆకారం మారేది కాదు. కడ్డీ విరిగిందన్న మాట దగ్గరే ఆగి ఉంటే పరీక్షల వ్యవధి మారేది కాదు.

మళ్లీ స్థిర చక్రాలకు

గత ముప్పై ఏళ్ల చిన్న విమానాలను గమనిస్తే, ఈ చరిత్ర ఒక వలయాన్ని పూర్తి చేసిందనిపిస్తుంది. 1955లో ఎగిరి నలభై నాలుగు వేలకు పైగా తయారైన సెస్నా 172 ప్రధాన నమూనా చక్రాలు మొదటి నుంచీ ముడవనివే. 1998లో ధ్రువీకరణ పొందిన సిరస్ ఎస్‌ఆర్ 20, దాని తర్వాతి ఎస్‌ఆర్ 22, ఫైబర్ కలిపిన నున్నటి పదార్థాలతో నిర్మితమై, చక్రాలకు బాగా మలిచిన తొడుగులు వేసుకుని, ముడుచుకునే చక్రాల పాత విమానాలకు దీటైన వేగాన్ని అందుకున్నాయి. ముడుచుకునే యంత్రాంగపు బరువూ, నిర్వహణ ఖర్చూ, బీమా రుసుమూ ఆ యంత్రాంగం ఇచ్చే లాభాన్ని మించిపోయాయన్న లెక్కే వాటిని ఆ దారికి నడిపింది. ఇంజిన్ ఆగినా, అదుపు తప్పినా విమానం మొత్తాన్నీ కిందికి దించే పారాచూట్ కూడా ఈ విమానాల్లో అమర్చారు. ల్యాండింగ్ సాధ్యం కానప్పుడు ల్యాండింగ్‌నే వదులుకునే మార్గం అది.

స్థిర చక్రం కూడా సంపూర్ణం కాదు. టైరు పేలుతుంది, బ్రేకు పట్టేస్తుంది, ముక్కు చక్రం షిమ్మీకి లోనవుతుంది, కాబట్టి ఎగిరే ముందు వంగి చూసే కన్ను ఇప్పటికీ అవసరమే. అయినా ఫోర్ట్ మైయర్ తీగ నుంచి ఆరో హైడ్రాలిక్ గొట్టం వరకూ సాగిన ఈ అనుభవం రూపకర్తకు ఒక ప్రశ్నల వరుసను అప్పగించింది: ఈ భాగం విరిగితే పక్కనున్న దేన్ని తెంపుతుంది, శక్తి పోతే చక్రం ఏ వైపు కదులుతుంది, పైలట్ చెయ్యి పొరపడితే ఏ మీట దొరుకుతుంది, అసలు ఈ భాగం అవసరమా. వీటికి సమాధానం ముందే రాసుకున్న విమానంలో యాంత్రిక లోపం మరమ్మతు ఖర్చుతో ముగుస్తుంది; రాసుకోని విమానంలో ఆ సమాధానాన్ని విచారణ బృందం శిథిలాల మధ్య వెతుక్కోవలసి వస్తుంది.